మీకు మేలు

రోజు 4102

పొద్దున్నే లేచి పీట తుడిచాను. పదకొండేళ్లుగా ఈ పీట మీద కూర్చునేది నేనొక్కదాన్నే, దుమ్ము మాత్రం ఊరందరిదీ వచ్చి పడుతుంది. తరవాత ముఖం కడుక్కుని, నిద్ర సరిపోయిందో లేదో మణికట్టు పట్టీలో చూసుకుని, పెట్టె ముందు కూర్చున్నాను.

ఈరోజు మంచు గీకే రోజు. తొమ్మిది రోజులకొకసారి నలుగురు మనుషులు మా ఊరున్న సొరంగం పై తలుపు దాటి వెళ్లి, నీటి గొట్టం మూతి మీద పేరుకున్న మంచును గీకి రావాలి. పావుగంట పని. గీకకపోతే రెండు వందల పన్నెండు మందికి నీళ్లుండవు. గీకడానికి వెళ్తే ఉలిగాలి ఉంది. అది చెప్పి రాదు. వచ్చిందంటే దాంట్లోని ఇసుక సూటును చీల్చేస్తుంది, బయటి గాలి పీల్చేది కాదు కాబట్టి సూటు చీలితే ఊపిరి ఉండదు. అందుకని ముందు పెట్టెను అడుగుతాం.

పెట్టె బయటి గాలిని కొలుస్తుంది. ఊళ్లో ప్రతి మాటా వింటుంది. పట్టీల ద్వారా అందరి నాడీ చూస్తుంది. ఇంత తెలిసీ నాలుగు జవాబులకు మించి చెప్పదు. దాన్ని తయారుచేసిన మొదటి తరంవాళ్లకు పాచికల ఆట పిచ్చి. మంత్రాలూ కత్తులూ రాక్షసులూ ఉండే ఆట. ఆ ఆటలోని శకున మంత్రం నియమాలనే తీసుకొచ్చి దీనికి పెట్టారు. ఆ కాగితం ఇప్పటికీ నా తల పక్కన గోడకి అంటించి ఉంది:

"మీరు వచ్చే గడియలో చేయబోయే ఒక పని గురించి అడగండి. దానివల్ల మీకు కలిగేది చెబుతాను: మేలు, కీడు, మేలూ కీడూ, ఏదీ కాదు. గడియ దాటిన సంగతి నాకు తెలియదు. నిద్రపోకుండా రెండోసారి అడిగితే ఆ జవాబును నమ్మకండి. పీట మీద మీరు ఒక్కరే కూర్చోండి."

ఇంతే. ఈ అయిదు ముక్కలకు అర్థం చెప్పడం నా ఉద్యోగం. సెలవురోజుల్లో ఆ పాచికల ఆట ఆడించే ఆటపెద్దను నేనే కాబట్టి, నియమాల మీద వాదించడంలో నన్ను మించినవాళ్లు లేరని ఊరు నాకీ పని అప్పగించింది. గడియంటే ఇరవై నాలుగు నిమిషాలని తేల్చింది నేనే. అంతకుముందు కొందరు అరగంటన్నారు, కొందరు క్షణమన్నారు. పెట్టె గది సొరంగం అట్టడుగున ఉంది, పై తలుపుకి గంట నడక. గీకేవాళ్లు తామే అడిగి వెళ్లాలంటే దారిలోనే గడియ దాటిపోతుంది. అందుకని "పంపడం" కూడా పనే, పంపేది నేను కాబట్టి నేనే అడగొచ్చు అని తీర్పు చెప్పిందీ నేనే. అడిగి, ఫోన్లో పై తలుపుకి చెబుతాను.

ఈరోజు అడిగాను. "మీకు మేలు" అంది.

"మేలే అన్నాది, బయల్దేరండి" అన్నాను ఫోన్లో.

నలుగురూ వెళ్లారు. గాలి రాలేదు. మంచు పెళ్ల విరిగి ఒకతని చేతి మీద పడి మూడు వేళ్లు నుజ్జయ్యాయి. రికార్డులో "గాలి వల్ల కాదు, చేయి జారడం వల్ల" అని రాశాను. రాస్తుంటే నాకే సిగ్గేసింది. ఇలాంటి సాకు రాయడం ఈ రెండేళ్లలో ఇది ఏడోసారి.

రోజు 4103

నూకాలు వచ్చింది. గీకేవాళ్ల జట్టును నడిపేది ఆమే. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. కిందటేడు దాని మొగుడు పైడయ్య ఈ మంచు పనికి వెళ్లే పోయాడు. ఆరోజు కూడా పెట్టె మేలే అంది. పైడయ్య స్థానంలోకి తనే వస్తానని నూకాలు పట్టుబట్టి వచ్చింది.

కూర్చోమంటే కూర్చోలేదు.

"త్రిపురక్కా, నిన్న మేలన్నాది గదా పెట్టి."

"అన్నాది."

"ఎవులికి మేలు?"

"మనకే. ఇంకెవులికి?"

"ఆడి సేతి ఏళ్లు పోయినాయి. మేలంటావేటి?"

నేను ఆటపెద్ద గొంతు తెచ్చుకున్నాను. నలుగురిలో ముగ్గురికి ఏమీ కాలేదని, ఊరికి నీళ్లొచ్చాయని, పెట్టె మొత్తం మీద తూచి చెబుతుందని విడమరిచాను. అంతా విని, "మా ఆయన కూడా మొత్తం మీద తూసినప్పుడు పోయినాడా?" అంది. వెళ్తూ వెళ్తూ పాత రికార్డులు తీసి చూడమంది. అడగడం కాదు, చెప్పడమే.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నాలుగు మాటల పెట్టె మీద నెపం వేసి ఎన్నాళ్లు నెట్టుకొస్తాను?

రోజు 4105

రెండు రోజులుగా రికార్డులు తిరగేస్తున్నాను. నేను అడిగిన ప్రశ్నలు నాలుగు వందల యాభైకి పైగా ఉన్నాయి. మొదటి తొమ్మిదేళ్లలో ఒక్క తప్పు లేదు. తప్పులన్నీ ఈ రెండేళ్లలోనివే. పెట్టె పాతబడిందేమో అనుకున్నాను. కానీ గాలి కొలతలు ఇప్పటికీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి.

రెండేళ్ల కిందట మారింది ఒక్కటే. నా తమ్ముడు తవుడు సొరంగం లోపలే జారిపడి మోకాలు పోగొట్టుకుని గీకే పని మానేశాడు. అంతకుముందు తొమ్మిదేళ్లూ ప్రతిసారీ వాడు వెళ్లేవాడు. ఇప్పుడు ఉమ్మడి వంటింట్లో పప్పు ఏరుతూ అందరినీ సతాయిస్తుంటాడు.

మధ్యాహ్నం వాడి దగ్గర కూర్చుని నేనూ పప్పు ఏరాను. ఎందుకడుగుతున్నానో చెప్పకుండా, పెట్టె చేసినవాళ్లు ఎలా మాట్లాడేవాళ్లో గుర్తుందా అనడిగాను. చిన్నప్పుడు వాడు వాళ్ల దగ్గర చదువుకున్నాడు.

"ఆలా? ఆలు పట్నపోల్లు. మరేద ఎక్కువ" అన్నాడు. "మా మేస్టరమ్మ మొదటిరోజు నన్ను సూసి 'మీరు ఇలా రండి' అన్నాది. నానొక్కడ్నే ఉన్నాను. ఎనక్కి తిరిగి సూసినాను, ఇంకెవులొచ్చినారో అని."

వాడు నవ్వాడు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. చేతిలో పప్పు చేతిలోనే ఉండిపోయింది.

మా వాళ్ల నోట "మీరు" అనే మాట ఒక్క మనిషికి రాదు. తండ్రినైనా, ఊరిపెద్దనైనా "నువ్వు" అనే అంటాం, ఆ నువ్వులోనే మా గౌరవం ఉంటుంది. మాకు మీరంటే పదిమంది. గోడ మీది కాగితం రాసింది మా వాళ్లు కాదు.

"ఏటక్కా, రాయి కొరికినట్టు మొహం ఎట్టినావు?" అన్నాడు తవుడు.

ఏమీ లేదన్నాను.

రోజు 4106

కాగితాన్ని మళ్లీ చదివాను. "పీట మీద మీరు ఒక్కరే కూర్చోండి." మీరు ఒక్కరే. పదకొండేళ్లు నా తల పక్కనే ఉంది. అది కూర్చునే పద్ధతికి సంబంధించిన నియమం అనుకుని దాటేశాను. ఒక కాగితంలో ఒక మాటకు ఒకచోట ఒక అర్థం, ఇంకోచోట ఇంకో అర్థం ఉండకూడదని ఆటలో ఎంతమందికి పాఠం చెప్పానో.

మీకు మేలు. అంటే, త్రిపుర గారూ, మీకు మేలు.

తవుడు వెళ్లిన ప్రతిసారీ జవాబు సరిగ్గా ఉందంటే, వాడికి దెబ్బ తగిలితే నా ప్రాణం విలవిల్లాడుతుంది కాబట్టి. వాడు ఇంట్లో కూర్చున్నాక బయట ఎవరి వేళ్లు పోయినా, ఎవరి ఊపిరి పోయినా పెట్టె లెక్కలో నాకేమీ కాలేదు. ఆ గడియలో నేను ఈ పీట మీద వెచ్చగా కూర్చునే ఉన్నాను.

పైడయ్య నా ఆటబల్ల దగ్గర ఆడేవాడు. ఒకరోజు వాడి మంత్రగాడు శకునం అడిగాడు, మేలని వచ్చింది, తలుపు తీస్తే పక్కవాడి పాత్ర గోతిలో పడి చచ్చింది. బల్ల చుట్టూ గోల. "మీకు అంటే అడిగినోడికేనమ్మా, మరేదకి మీరన్నారు" అని పైడయ్య వాదించాడు. వాడి మాటే నిజం. నేను ఒప్పుకోలేదు. మీరంటే అందరూ, ఇది ఆటపెద్ద తీర్పు అన్నాను. చచ్చిన పాత్రను బతికించి ఇచ్చాను, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తీర్పునే తెచ్చి ఇక్కడ పెట్టాను.

తరవాత పైడయ్య ఊరి సభకు అర్జీ పెట్టాడు. కాగితాన్ని మళ్లీ చదవాలని, పీట మీద ఇంకొకరిని కూడా కూర్చోబెట్టి చూడాలని. నాకు ఒళ్లు మండింది. మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. నాలుగోరోజు గీకే రోజు. పెట్టె "మీకు మేలు" అంది. వాడు వెళ్లాడు, గాలొచ్చింది, వాడు తిరిగి రాలేదు. అర్జీ వాడితోనే పోయింది.

నాకు మేలే జరిగింది. ఈ మాట రాయడానికి పొద్దుటి నుంచి ఇప్పటిదాకా పట్టింది. ఏడుపొచ్చింది, ఏడిచాను. నా మీద నాకు అసహ్యంగా ఉంది.

రోజు 4108

నూకాలు ఇంటికి వెళ్లి చెప్పేశాను. దాని అత్త, పైడయ్య తల్లి బంగారమ్మ పిన్ని కూడా ఉంది. నాలుగు రకాలుగా మొదలుపెట్టి చివరికి ఒకే ముక్కలో చెప్పాను: పెట్టె చెప్పేది నా మంచిచెడ్డలే, మీవి కావు, తప్పు నాది.

బంగారమ్మ పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నూకాలు చాలాసేపు తన సూటు చేతికి అతుకేస్తూనే ఉంది.

"మా ఆయన సెప్పినాడు నీకు" అంది చివరికి.

"సెప్పినాడు."

"ఆట కాదమ్మా అన్నాడు."

"అన్నాడు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "గీకే రోజు ఇంక మూడు రోజులుంది. తొట్టిలో నీళ్లు నాలుగు రోజులకొస్తాయి. ఇప్పుడేటి సేద్దాం, అది సెప్పు" అంది.

తవుణ్ణి వెంట పంపితే జవాబు సరిగ్గా వస్తుందని నేనే అన్నాను. నూకాలు నన్ను ఎగాదిగా చూసి, "కుంటోడ్ని మంచు మీదకి ఈడ్సుకెల్తే ఆడ్ని ఎవులు మోస్తారు?" అంది. పీట మీద ఇంకెవరినైనా కూర్చోబెడదామంటే, ఎవరిని? భార్య కూర్చుంటే మొగుడికొక్కడికే లెక్క. అత్త కూర్చుంటే కోడలికి. వెళ్లేది నలుగురు. నలుగురిలో ఎవరికేమైనా తనకూ అయ్యేవాళ్లు కావాలి.

అప్పుడు నాకు తోచింది. ఆటలో ఇలాంటి ముళ్లు ఎన్ని విప్పలేదు. పెట్టె గది బయట నిప్పు మీట ఉంది. గదిలో మంటలొస్తే దాన్ని తిప్పుతారు, రెండు నిమిషాల్లో గదిలోని గాలంతా బయటికి పోతుంది. నేను లోపల కూర్చుని అడుగుతాను. మీట ఇంకొకరి చేతిలో ఉండాలి. బయట ఏ ఒక్కరికి ఏమైనా, ఆ గడియలోనే మీట తిప్పాలి. అప్పుడు వాళ్ల కీడు నా కీడు అవుతుంది, పెట్టె ఆ లెక్క వేసి చెబుతుంది. ఒట్టి బెదిరింపైతే పనికిరాదు. నిజంగా తిప్పే చెయ్యి కావాలి, పెట్టెకు మనుషులు తెలుసు.

"మా అత్త పట్టుకుంటాది" అంది నూకాలు. "నిన్ను సంపడానికి ఈ ఊర్లో అదొక్కతికే హక్కుంది."

లోపలికి వెళ్లి అత్తతో మాట్లాడి, ఒప్పించి వచ్చింది.

"ఇంకోటి" అంది. "గీకే రోజుకి మర్నాడు సభ ఉంది గదా. అక్కడ అందరి ముందరా నువ్వే రాసి సదివి సెప్పాల. సెప్పకపోతే నాను సెప్తాను."

సరేనన్నాను. ఈ సంగతి ప్రస్తుతానికి మా ముగ్గురికే తెలుసు.

రోజు 4111

గీకే రోజు. రాత్రి నిద్ర పట్టింది, ఎలా పట్టిందో నాకే తెలియదు. పీట తుడవలేదు.

నూకాలూ, వేళ్లు పోయినతని బదులు వచ్చినవాడితో కలిపి మిగతా ముగ్గురూ పొద్దున్నే పైకి వెళ్లిపోయారు. బంగారమ్మ పిన్ని మీట దగ్గర నిలబడింది. తలుపుకున్న అద్దంలోంచి ఆమె కనిపిస్తోంది, తలుపు మీది స్పీకరులోంచి మాట వినిపిస్తుంది. రెండు చేతులూ మీట మీద వేసి, నన్ను కాకుండా గోడను చూస్తోంది. ఫోను నా పక్కన ఉంది. పై తలుపు దగ్గర నలుగురూ సూట్లు బిగించుకుని నా మాట కోసం ఎదురుచూస్తున్నారు.

అడిగాను. "నలుగుర్నీ ఇప్పుడు మంచు గీకడానికి పంపుతున్నాను."

"మీకు మేలు" అంది పెట్టె.

గుండె తేలికపడింది. చేయి ఫోను మీదకి వెళ్లింది. ఎత్తబోతూ, ఎందుకో అద్దంలోకి చూశాను. పిన్ని ఇప్పుడు నన్నే చూస్తోంది.

"పిన్నీ, ఆలకేటైనా అయితే తిప్పుతావా?"

"తిప్పుతాననే కదా నూకాలికి సెప్పినాను."

"నూకాలికి కాదు. నాకు సెప్పు."

ఆమె మీట మీంచి ఒక చెయ్యి తీసింది. తరవాత రెండోది కూడా తీసింది.

"నా కొడుకు ఊపిరాడక పోయినాడు" అంది. "ఇంకో పేనాన్ని అలగే నా సేత్తో తియ్యమంటే ఎలగమ్మా? మూడు రోజులనుంచీ నాకు నాను సెప్పుకుంటన్నాను, తిప్పాల, తిప్పాల అని. నావల్ల కాదు. ఆలు నలుగురూ నా పిల్లలే. నువ్వు మాత్రం ఎవుల పిల్లవి?"

అంటే నా మీద కత్తి లేదు. పెట్టెకు అది ముందే తెలుసు. ఇప్పుడది చెప్పిన మేలు మళ్లీ నా ఒక్కదాని మేలే. బయట ఏం జరగబోతోందో దాంట్లో లేదు.

మళ్లీ నిద్రపోయేదాకా నాకున్నది ఒక్క ప్రశ్నే, అది అయిపోయింది. ఫోన్లో నూకాలు "అక్కా, ఏటన్నాది?" అంటోంది. "ఉండు" అన్నాను. పీట మీంచి లేచి తలుపు తీశాను.

"పిన్నీ, లోపలికి రా. నువ్వు కూకో."

"నానా? నాకు సదువు రాదు. ఆ రూల్సూ గీల్సూ నాకేటి తెలుసు?"

"రూల్సు అక్కర్నేదు. అడిగితే సాలు. పంపేది నువ్వు. పంపొచ్చా అని అడుగు."

ఆమె పీట అంచున, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది. నేను గది బయటికొచ్చి తలుపు వేశాను. ఒక్కరే కూర్చోవాలి. ఆమె పెట్టెకి దణ్ణం పెట్టింది, పదకొండేళ్లలో నేను ఒక్కసారి కూడా పెట్టలేదు.

"నాయనా" అంది, "నా పిల్లలు నలుగుర్నీ ఇప్పుడు గడప దాటించి పంపుతన్నాను. ఏటవుతాది?"

"మీకు కీడు" అంది పెట్టె.

నేను తలుపు లాగి, పీట మీద నుంచి ఆమె లేవకముందే ఫోనందుకుని అరిచాను, ఎవ్వరూ గడప దాటొద్దని. నూకాలు ఎందుకని అడగలేదు. గొళ్లెం పడిన చప్పుడు ఫోన్లో వినిపించింది. పిన్ని భయంతో, "నానేటైనా తప్పు అడిగినానా తల్లీ?" అంటోంది. లేదు పిన్నీ, లేదు అంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాను.

పదకొండు నిమిషాలకు గాలొచ్చింది. ఆ సమయానికి నలుగురూ గొట్టం దగ్గర, తలుపుకి రెండు వందల అడుగుల దూరంలో ఉండేవాళ్లు.

నలుగురూ పోతే నాకు మేలేమిటి? ఆ పదకొండు నిమిషాలూ అదే ఆలోచించాను. పెద్ద చిక్కేమీ కాదు. నూకాలు పోతే సభలో నోరు విప్పేవాళ్లుండరు. నా తప్పు తెలిసిన రెండో మనిషి పిన్ని, ఆమె చీమకైనా హాని తలపెట్టదు, నన్ను సభలో నిలబెట్టదు. నా పీట నాకుండేది. నేను గుండెలు బాదుకుని ఏడ్చేదాన్ని, నిజంగానే ఏడ్చేదాన్ని, తరవాత రికార్డులో ఏదో ఒక కారణం రాసేదాన్ని. పెట్టెకు నేను నాకంటే బాగా తెలుసు.

గాలి తగ్గాక నూకాలు ఫోన్ చేసింది.

"తలుపుని ఇసక గోకీసింది. మాకేటీ కాలేదు. రేపు పొద్దున్న మళ్లీ అడిగించు, మా అత్త సేతే. నీళ్లు ఇంకా ఉన్నాయి" అంది. కాస్త ఆగి, "అక్కా, నీకేటి సెప్పినాది పెట్టి?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. గదిలో పిన్ని తప్ప ఎవరూ లేరు. ఆమె కళ్లు తుడుచుకుంటోంది, వినడం లేదు.

"మేలన్నాది" అన్నాను.

ఫోన్లో నూకాలు ఊపిరి వినిపిస్తోంది.

"అయితే రేపు సభలో అది కూడా సదువు" అంది.

సరేనన్నాను. చదవడానికే ఇదంతా రాశాను.